బొటనవేలిది ఒక దారి, పాటది ఒక దారి

ప్రతి ఏడాదీ ఏప్రిల్ చివరికి వచ్చేసరికి హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం మెసేజ్‌లు మొదలవుతాయి. కూలర్ అమ్మబడును. సైకిల్ అమ్మబడును, బ్రేకులు మాత్రం వేయించుకోవాలి. డ్రాఫ్టర్ ఎవరికైనా కావాలంటే ఫ్రీగా తీసుకెళ్ళండి. వీటి మధ్యలో తప్పకుండా ఒకటో రెండో గిటార్లు ఉంటాయి. ఫొటో కింద ఒకే లైను: "ఎక్కువ వాడలేదు, కొత్తదానిలాగే ఉంది." అమ్మేవాళ్ళు అది గొప్ప క్వాలిటీ అనుకుని రాస్తారు. నాకు మాత్రం ఆ లైను చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఫస్టియర్‌లో ఇంట్లో బతిమాలి కొనిపించుకున్న గిటార్ నాలుగేళ్ళు బీరువా మీద పడుకుని, ఒక్క పాట కూడా పూర్తిగా మోగకుండా ఇంకో ఫస్టియర్ కుర్రాడి బీరువా మీదకి వెళ్ళిపోతుంది.

బద్ధకమే కారణం అంటే నేను ఒప్పుకోను. నాకు తెలిసిన గిటార్ వాళ్ళందరూ మొదటి రెండు నెలలు వేళ్ళు బొబ్బలెక్కేదాకా వాయించినవాళ్ళే. అసలు తేడా నేర్చుకునే పద్ధతిలో ఉంది. రీల్స్ పుణ్యమా అని మనకి ఇరవై పాటల మొదటి ఇరవై సెకన్లు వచ్చు. కారిడార్‌లో ఎవరైనా వెళ్తుంటే ఆ ఇరవై సెకన్లు వాయిస్తాం, వాళ్ళు "అబ్బ, హోటల్ కాలిఫోర్నియా!" అని గుర్తుపట్టగానే ఆపేస్తాం. గుర్తుపట్టారు కదా, ఇంక పనేముంది? లేదంటే నాలుగు కార్డ్స్ మీద పది సినిమా పాటలు కలిపి మ్యాషప్ అంటాం. అక్కడ కుడిచేయి చేసేది కొబ్బరి తురుముతున్నట్టు పైకీ కిందకీ ఆడటమే. అది తప్పని నేననను, పదిమంది కూచుని పాడుకోడానికి అంతకంటే మంచిది లేదు. కానీ అందులో గిటార్ అంటే చప్పట్లకి బదులు పెట్టుకున్న చెక్క మాత్రమే.

కాబట్టి నేను చెప్పేది ఒకటే. ఒక సెమిస్టర్‌కి ఒకే పాట పెట్టుకోండి. ప్లెక్ట్రమ్ పక్కన పడేసి, వేళ్ళతో మీటుతూ, మొదటి నోటు నుంచి చివరి నోటు దాకా నేర్చుకోండి. ఏ పాట అని అడిగితే నా ఓటు కాన్సాస్ బ్యాండ్ వాళ్ళ "డస్ట్ ఇన్ ద విండ్"కి. "తెలుగు మ్యాగజైన్‌లో ఈ ఇంగ్లీష్ పాట గోలేంటి" అని మన క్లబ్బు వాళ్ళే అడుగుతారని నాకు తెలుసు. దానికి జవాబు తర్వాత చెప్తాను, ముందు పాట సంగతి చూద్దాం.

కాన్సాస్ వాళ్ళది హెవీ సంగీతం. పాట మధ్యలో తాళాలు మారిపోవడం, ఆర్గాన్లు, వయొలిన్, డ్రమ్స్, అంతా హడావుడి. ఆ బ్యాండ్ గిటారిస్టు కెర్రీ లివ్‌గ్రెన్ వేళ్ళతో మీటడం నేర్చుకుందామని ఇంట్లో కూచుని ఒక ఎక్సర్‌సైజు తయారుచేసుకున్నాడు. మనం సరళీ వరుసలు సాధన చేస్తామే, అలాంటిదే. అది విన్న ఆయన భార్య, ఇది బావుంది, దీన్ని పాట చెయ్యి అంది. బ్యాండ్ వాళ్ళకి ఇది నచ్చుతుందో లేదో అని ఆయనకే అనుమానం, ఎందుకంటే వాళ్ళు చేసే సంగీతానికీ దీనికీ పొంతన లేదు. 1977లో ఆల్బమ్‌లో వచ్చింది. 1978లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100లో ఆరో స్థానం దాకా వెళ్ళింది. ఆ బ్యాండ్ పాటల్లో టాప్ టెన్‌లోకి వెళ్ళింది అదొక్కటే. అందులో డ్రమ్స్ లేవు. గిటార్, గొంతు, మధ్యలో ఒక వయొలిన్ ముక్క, అంతే. అంటే నేర్చుకునేవాడి ఎక్సర్‌సైజే పాట అయింది. నేర్చుకునేవాళ్ళకి అది నప్పడంలో ఆశ్చర్యమేముంది?

ఇప్పుడు కుడిచేతి పని. గిటార్‌కి ఆరు తీగలు, అన్నిటికంటే సన్నది ఒకటోది, లావుది ఆరోది. బొటనవేలు అయిదో తీగ, నాలుగో తీగ, అయిదో తీగ, నాలుగో తీగ, ఇలా గడియారం లోలకంలా తిరుగుతూ ఉంటుంది. చూపుడువేలికి మూడో తీగ, మధ్యవేలికి రెండో తీగ. ఎనిమిది గళ్ళు అనుకోండి. మొదటి గడిలో బొటనవేలూ మధ్యవేలూ కలిసి గిల్లినట్టు మీటాలి. రెండో గడి ఖాళీ. మూడు బొటనవేలు, నాలుగు చూపుడువేలు, అయిదు బొటనవేలు, ఆరు మధ్యవేలు, ఏడు బొటనవేలు, ఎనిమిది చూపుడువేలు. ఎనిమిది గళ్ళలో ఏడు మీటులు, ఒక ఖాళీ. పాటకి ఊపిరి ఆ ఖాళీలోనే ఉంది. కొత్తవాళ్ళందరూ మొదట దాన్నే మింగేస్తారు. ఆత్రంలో ఆ గడిలో ఇంకో మీటు వేసేస్తారు, ఇంక పాట కుట్టుమిషన్‌లా నడుస్తుంది.

ఎడమచేతి సంగతి ఇంకా బావుంటుంది. సి కార్డ్ పట్టుకుని కూచుంటే చాలు, చెయ్యి కదలక్కర్లేదు. మారేది రెండో తీగ మీద ఒక్క స్వరం. చూపుడువేలు మొదటి మెట్టు మీద ఉంటే స. వేలు ఎత్తేస్తే ని. చిటికెన వేలు మూడో మెట్టు మీద పెడితే రి. అంతే, ఈ మూడే. స, ని, రి, మళ్ళీ స, ని, రి. కింద కార్డ్ మాత్రం నాలుగు సార్లకోసారి మారుతుంది: నాలుగు సార్లు సి, నాలుగు సార్లు ఎ మైనర్, మళ్ళీ నాలుగు సి, మళ్ళీ నాలుగు ఎ మైనర్. పైన మూడు స్వరాల చక్రం, కింద నాలుగేసి గళ్ళ బండి. మూడుకీ నాలుగుకీ కుదరదు కదా, అందుకే ప్రతిసారీ చక్రం బండి మీద కొత్త చోట దిగుతుంది. మొదటి నాలుగు స ని రి స, తర్వాతి నాలుగు ని రి స ని, ఆ తర్వాత రి స ని రి, చివరికి స ని రి స. పదహారు గళ్ళు అయ్యేసరికి మూడు స్వరాల చక్రం అయిదు సార్లు తిరిగి, మిగిలిన ఒక్క గడిలో స దగ్గరే ఆగుతుంది. పదహారుని మూడుతో భాగిస్తే శేషం ఒకటి అని మనం మాడ్యులో ఆపరేటర్‌తో రాస్తామే, ఆ ఒకటే ఇక్కడ ఇంటికి తిరిగొచ్చిన షడ్జమం. మృదంగం నేర్చుకున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వాళ్ళకి ఇది చెప్పి చూడండి. చతురశ్రంలో తిశ్రం నడిపినట్టుంది అని వాళ్ళే తొడ మీద తాళం వేసి చూపిస్తారు.

ఇది ఇరవై సెకన్ల వాడికి ఎప్పటికీ తెలీదు. ఎందుకంటే అతను మొదటి నాలుగు గళ్ళు వాయించి, గుర్తుపట్టించుకుని ఆపేస్తాడు. పదహారు వాయిస్తేనే చక్రం కనపడుతుంది.

నేర్చుకునే వరుస గురించి ఒక మాట. మొదటి వారం ఎడమచేయి అసలు వాడకండి. ఖాళీ తీగల మీద బొటనవేలు ఒక్కటే అయిదు, నాలుగు, అయిదు, నాలుగు. ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టుకుని నిమిషానికి యాభై దగ్గర మొదలుపెట్టండి. ఫ్యాన్ చప్పుడులో మెట్రోనోమ్ వినపడకపోతే ఇయర్‌ఫోన్ ఒక చెవికి. రూమ్మేట్‌తో మాట్లాడుతూ కూడా బొటనవేలు ఆగకుండా తిరుగుతోందంటే అప్పుడు మిగతా వేళ్ళు కలపండి. రెండు మూడు రోజులు వేళ్ళు ఒకదానికొకటి అడ్డం వస్తాయి, తర్వాత ఏదో ఒక సాయంత్రం ఉన్నట్టుండి కుదురుతుంది. అసలు కష్టం పల్లవిలో గొంతు మొదలయ్యాక వస్తుంది. సి నుంచి ఎ మైనర్‌కి వెళ్ళే దారిలో జి కార్డ్‌ని బి స్వరం మీద నిలబెట్టి పట్టుకోవాలి. ఆ మార్పు దగ్గర బొటనవేలు తడబడుతుంది, ఆగిపోతుంది. అక్కడ పాటంతా మొదట్నుంచి వాయించడం దండగ. ఆ రెండు కార్డ్‌లే తీసుకుని యాభై సార్లు. మన సీనియర్ ఒకన్న అనేవాడు, "బగ్ ఎక్కడుందో తెలిసినంక మొత్తం ప్రోగ్రామ్ ఎందుకు రన్ చేస్తవ్ రా" అని. గిటార్ గురించి నేను విన్న సలహాల్లో అంత పనికొచ్చింది ఇంకోటి లేదు.

ఇంకో రెండు చిన్న విషయాలు. ఫస్టియర్ వాళ్ళకి వర్క్‌షాప్‌లో ఆకురాయి పట్టే రోజులుంటాయి. గోళ్ళు అక్కడే సమర్పయామి. కంగారు పడకండి, వేలి కొసలతో మీటినా సరిపోతుంది, శబ్దం కొంచెం మెత్తగా వస్తుంది అంతే. రెండోది, మన వరంగల్ ఎండలు. మే నెలలో తలుపేసిన రూములో గిటార్ వదిలేసి ఊరెళ్తే తిరిగొచ్చేసరికి మెడ వంగి, తీగలు మెట్ల నుంచి పైకి లేచి ఉండొచ్చు. అలాంటి గిటార్ మీద నేర్చుకునేవాడు తన వేళ్ళే బలహీనం అనుకుంటాడు. తీగల ఎత్తు ఎవరికైనా తెలిసినవాళ్ళకి చూపించి సరిచేయించుకుంటే సగం కష్టం పోతుంది. మణికట్టు నొప్పి పుడితే మాత్రం ఆ రోజుకి ఆపేయాలి. వేలి కొసల మంట వేరు, మణికట్టు నొప్పి వేరు.

సరే, ఇప్పుడు మన తెలుగు క్లబ్బు ప్రశ్న. ఇంగ్లీష్ పాట మనకెందుకు?

ఈ వేళ్ళ పద్ధతిని ట్రావిస్ పికింగ్ అంటారు. 1917లో పుట్టిన మెర్ల్ ట్రావిస్ పేరు మీద వచ్చింది. ఆయనది అమెరికాలో కెంటకీ రాష్ట్రం, మ్యూలెన్‌బర్గ్ కౌంటీ. అదంతా బొగ్గు గనుల ప్రాంతం, తండ్రి గని కార్మికుడు. గనిలో ఎంత తవ్వినా కంపెనీ కొట్లో అప్పు తీరని బతుకు మీద "సిక్స్‌టీన్ టన్స్" రాసింది ఆయనే. ఆ ప్రాంతంలో ఈ బొటనవేలి పద్ధతికి మూలం అని చెప్పేది ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి సంగీతకారుడిని. ఆయన వాయించింది ఒక్క రికార్డు కూడా మిగల్లేదు. విన్నవాళ్ళ వేళ్ళలోంచి వేరేవాళ్ళ వేళ్ళలోకి పాకి వచ్చిందే మనకి దక్కింది. భూపాలపల్లి, ఇల్లందు, కొత్తగూడెం పేర్లు వింటూ పెరిగిన మనకి ఈ కథ పరాయిదిలా ఉందా? బొగ్గు బావి దగ్గర పాట పుట్టడం, పాడినవాడి పేరు పోయి పాట మిగలడం సింగరేణి వాళ్ళకి ఎవరైనా కొత్తగా చెప్పాలా?

ఇంకో సంగతి. బీటిల్స్‌లోకి ఈ పద్ధతి మన దేశంలోనే వచ్చింది. 1968లో వాళ్ళు రిషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చినప్పుడు, అక్కడే ఉన్న స్కాట్లాండ్ గాయకుడు డోనొవన్ జాన్ లెనన్‌కి ఈ వేళ్ళ నడక నేర్పించాడు. "డియర్ ప్రుడెన్స్", "జూలియా" అందులోంచి వచ్చినవే. అంటే ప్రపంచం మొత్తం తెలిసిన బ్యాండ్‌లో ఉన్నవాడు కూడా గంగ ఒడ్డున కూచుని బొటనవేలు తిప్పడం మొదట్నుంచి నేర్చుకున్నాడు. మన వాళ్ళు థర్డ్ ఇయర్‌లో "ఇప్పుడేం నేర్చుకుంటాం లే" అంటుంటే నాకు నవ్వొస్తుంది.

అయినా వేళ్ళతో తీగ మీటడం మనకి ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్యేం కాదు. వీణ చూడండి. కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ నాలుగు వాయింపు తీగల మీద పాట నడిపిస్తుంటే, చిటికెన వేలు పక్కనున్న మూడు తాళపు తీగల్ని మీటుతూ లెక్క చెప్తుంటుంది. ఒకే చేతిలో రెండు పనులు. వీణలో తాళం చిటికెన వేలిది, ఈ గిటార్‌లో బొటనవేలిది, అంతే తేడా. మన పక్కనే జనగామ జిల్లా పాలకుర్తి. ఆ ఊరి పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో రకరకాల వీణల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోతాడు. ఈ రోజు అందులో ఎన్నింటి శబ్దం మనం విన్నాం? పన్నెండు మెట్ల కిన్నెర అంటే మన తరానికి గుర్తొచ్చేది "భీమ్లా నాయక్" పాట. ఆ పాటకి ముందు కూడా దర్శనం మొగులయ్య గారు దశాబ్దాలుగా ఆ కిన్నెరతో ఊళ్ళు తిరిగారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో బుర్రవీణ వాయించే నారాయణపేట జిల్లా దాసరి కొండప్ప గారికి వచ్చింది. పద్మశ్రీ వచ్చినరోజు స్టేటస్ పెట్టినవాళ్ళలో ఆ బుర్రవీణ ఎలా మోగుతుందో మర్నాడు వెతుక్కుని విన్నవాళ్ళు ఎంతమందో నాకనుమానమే.

అసలు ఈ బొటనవేలి రహస్యం నాకు అర్థమైంది బతుకమ్మ దగ్గర. వేయిస్తంభాల గుడి దగ్గర ఆడవాళ్ళు గుండ్రంగా తిరుగుతుంటే చప్పట్లు వినండి. చప్పట్లు ఒకే నడకలో, ఎక్కడా ఆగవు, తొందరపడవు. పాట చెప్పే అమ్మ మాత్రం ఒక మాట చప్పట మీద వేస్తుంది, ఒక మాట రెండు చప్పట్ల మధ్య జార్చేస్తుంది, ఒక్కోసారి కొంచెం ఆలస్యంగా వచ్చి అందుకుంటుంది. చప్పట్లు స్థిరంగా ఉన్నాయి కాబట్టే ఆమెకి ఆ స్వేచ్ఛ. బొటనవేలు చప్పట్లు, మిగతా వేళ్ళు పాట చెప్పే అమ్మ. ఇలా చెప్తే మా వింగ్‌లో ఇద్దరికి వారంలో వచ్చింది. అంతకుముందు వాళ్ళు యూట్యూబ్‌లో నెల రోజులు "ఇండిపెండెన్స్ ఆఫ్ ద థంబ్" విన్నారు పాపం.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, లేకపోతే నేను గిటార్ ఏజెంట్‌లా మాట్లాడినట్టవుతుంది. తెలుగు పాటలన్నీ దీనిమీద కూచోవు. గమకం ఉన్న పాటని కార్డ్‌ల మీద పెడితే, చీర మడతలన్నీ ఇస్త్రీపెట్టెతో తొక్కినట్టు చదునైపోతుంది. వీణలో తీగని పక్కకి లాగి స్వరాన్ని ఊపే పని ఇక్కడ మూడు వేళ్ళు కార్డ్‌లో ఇరుక్కున్నాక సగం కూడా కుదరదు. పరాయి వాయిద్యాన్ని మన సంగీతానికి వంచాలంటే పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ లాంటి మనిషి కావాలి. ఆయన కూడా వాయిద్యాన్నే మార్చుకున్నాడు, ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. మనం అంత దూరం వెళ్ళక్కర్లేదు. అయిదారు స్వరాల మీద నడిచే జానపదాలు, జోలపాటలు, బతుకమ్మ పాటలు ఈ నడక మీద హాయిగా కూచుంటాయి. డస్ట్ ఇన్ ద విండ్‌తో చెయ్యి తయారయ్యాక మీ అమ్మమ్మ పాడే ఏ పాటనైనా పెట్టి చూడండి. ఇంగ్లీష్ పాటతో ఎందుకు మొదలుపెట్టాలంటే, దానికి ప్రతి గడీ రాసిపెట్టి ఉంది, నేర్పేవాళ్ళు వేలమంది ఉన్నారు. అమ్మమ్మ పాటకి ఎవరూ ట్యాబ్ రాయలేదు. రాయాల్సింది మనమే. ఈ మ్యాగజైన్‌లో కవితల పక్కన అలాంటి ట్యాబ్ ఒక్కటి అచ్చయితే నేను ఎంత సంతోషిస్తానో చెప్పలేను.

ఇంక ప్లేస్‌మెంట్స్ వాళ్ళు. "దీనివల్ల లాభమేంటి అన్నా?" గిటార్ వాయిస్తే మెదడు చురుగ్గా అవుతుందనీ, కోడింగ్ బాగా వస్తుందనీ నేను చెప్పను. రెజ్యూమెలో హాబీల కింద "గిటార్" అని రాస్తే ఇంటర్వ్యూలో ఎవరూ పట్టించుకోరు. లాభం ఏమీ లేదు. రోజుకి ఇరవై నిమిషాలు లాభం లేని పనికి ఇవ్వలేనంతగా నాలుగేళ్ళు కుదించుకుపోయాయంటే నాకు బాధగా ఉంటుంది, అంతే. మనకి సగం చేసిన పనులు చాలా అలవాటయ్యాయి. మినీ ప్రాజెక్ట్‌లో డెమో నడిచే మూడు నిమిషాలు మాత్రమే పనిచేసే కోడ్, ఆన్‌లైన్ కోర్సుల్లో మొదటి రెండు వారాల వీడియోలు, నవలల్లో మొదటి యాభై పేజీలు. మూడున్నర నిమిషాల పాట ఒకటి చివరిదాకా చేతిలో ఉండటం ఎలా ఉంటుందో ఈ వయసులో ఒకసారి తెలియాలని నా పట్టుదల.

ఆ పట్టుదలకి కాలేజీలో చోటు కావాలి. ఫెస్ట్‌లో స్టేజి మీద ఆ చోటు లేదు, ఉండదు కూడా. అక్కడ మైకులు, డ్రమ్స్, అరుపులు. వేళ్ళతో మీటే గిటార్ వెనక బెంచీ దాకా వినపడదు, జడ్జికి అసలే వినపడదు. దాని తప్పు ఎవరిదీ కాదు, అది ఆ స్టేజి స్వభావం. కానీ మన సాహితీ క్లబ్బు నెలకోసారి క్లాస్‌రూములో కూచుంటుంది కదా, ముప్ఫై మందికి మించి ఎప్పుడూ రారు. అక్కడ కవితలు చదవడం అయ్యాక పది నిమిషాలు ఇవ్వండి. షరతు ఒకటే పెడదాం: పాట మొదలుపెడితే చివరిదాకా వాయించాలి. తప్పు పోతే పోనీ, ఆగకూడదు, "సారీ సారీ, మళ్ళీ మొదట్నుంచి" అనకూడదు. ఇంగ్లీషా, తెలుగా, లంబాడీ పాటా అన్న తేడా వద్దు. వీడియో తియ్యొద్దు. కిన్నెరో ఏక్‌తారో ఇంట్లో ఉన్నవాళ్ళు తెస్తే వాళ్ళకే మొదటి వంతు.

దీనికి సౌండ్ సిస్టమ్ అడగక్కర్లేదు, పర్మిషన్ లెటర్ మీద మూడు సంతకాలు అక్కర్లేదు. ఫ్యాన్లు రెండు ఆపేస్తే చాలు, వెనకదాకా వినపడుతుంది. చేతుల్లేని కుర్చీ ఒకటి మాత్రం ముందే చూసిపెట్టుకోవాలి. మన క్లాస్‌రూముల్లో ఉన్న రైటింగ్ ప్యాడ్ కుర్చీల్లో గిటార్ ఒళ్ళో పట్టదు.